ఇంటిని కాచిన నీరు

ఒక గృహము ఏ కాలమున నిర్మింపబడినదో తెలియగోరువారు దాని ముఖద్వారమును గాని, కప్పు వాలును గాని పరిశీలించుట వాడుక. కాని మిషిగన్ వంటి శీతల ప్రదేశమున అంతకంటె నమ్మదగిన సాక్ష్యము నేలమాళిగలో లభించును. అచ్చటి కొలిమి ఏ ద్రవ్యమును కాచుచున్నదో, కాగిన ద్రవ్యమును ఏ మార్గమున గదులకు పంపుచున్నదో చూచినచో, ఆ ఇల్లు ఏ తరమువారిదో, ఆ తరమువారి సంపద ఎంతటిదో, వారు దేనికి భయపడిరో, దేనిని సుఖమనుకొనిరో కూడ బోధపడును. డెట్రాయిట్ నగరపు పాత వాడలలో ఆ కొలిమి నీటిని కాచును. ఆ నగరమునకు వాయవ్యమున సుమారు 25 మైళ్ళ దూరములో, నేడు అనేక తెలుగు కుటుంబములు కాపురముండు నోవైలో, అది గాలిని కాచును. పొరుగూళ్ళ నడుమ ఈ భేదము ఎట్లు కలిగినదో చెప్పవలెనని నా ప్రయత్నము. వేడినీటితో ఇంటిని కాచు విద్య తాను చేయవలసిన పనిలో ఏనాడును ఓడలేదని, వేసవి చల్లదనమను వేరొక కోరిక ఎదుట మాత్రమే అది వెనుకకు తగ్గినదని నా విశ్వాసము.

నీరు కాచుట మన తెలుగువారికి క్రొత్త కాదు. ధనుర్మాసపు తెల్లవారుజామున పెరటిలో రాగి కాగు క్రింద ఎండిన కొబ్బరిమట్టలు మండించి తలంటుకు నీళ్ళు సిద్ధపరచుటయు, తరువాతి కాలమున నడుమ పొగగొట్టము గల రాగి బాయిలరులో బొగ్గులు వేసి ఇంటిల్లిపాదికి స్నానమునకు నీరు కాచుటయు మన పూర్వులు నిత్యము చేసిన పనులే. అయితే ఆ వేడినీరు మేనిని తాకుటతో దాని పని ముగిసెడిది. ఇంటిని కాచవలసిన అగత్యము మనకు కలుగలేదు. మాఘమాసపు చలికి ముసలివారి మంచము చెంత ఒక కుంపటి చాలెడిది. మందమైన మట్టిగోడలు, ఎత్తైన పెంకుటికప్పు, నడుమ ఆకాశమునకు తెరచిన మండువా, ఇవన్నియు ఎండను తప్పించుకొనుటకు పన్నిన ఉపాయములు. వేడినీటిని గొట్టముల గుండ నడపిన శిల్పమును మన గడ్డపై చూడగోరువారు హైదరాబాదులో కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణమునకు పోవలెను. పదునారవ శతాబ్దిలో అచ్చట నిర్మించిన హమాము అను స్నానశాలయందు వేడినీటికి, చన్నీటికి వేర్వేరుగా కాల్చిన మట్టిగొట్టములు అమర్చియున్నవి. ఆ గొట్టములను పరచిన పనివానికి తెలిసిన విద్యయే, ఇనుమునందు, చలిదేశమునందు, వేరొక రూపము ధరించినది.

పాశ్చాత్యదేశములలో ఈ విద్య మానవుల కొరకుగాక మొక్కల కొరకును, కోడిపిల్లల కొరకును ఆరంభమగుట విశేషము. స్వీడన్ దేశీయుడైన మార్టెన్ ట్రీవాల్డ్ ఇంగ్లండులోని న్యూకాసిల్ పట్టణమున ఉన్న కాలములో, 1716లో, ఒక మొక్కల గృహమును వేడినీటితో కాచెను. 1777లో పారిస్ సమీపమున బొన్నెమాఁ అను ఫ్రెంచి యాంత్రికుడు గుడ్లు పొదిగించుటకు వేడినీటి గొట్టములను నడపి, ఆ వేడిమి ఎక్కువ తక్కువలు కాకుండ తనంతట తానే సర్దుకొను సాధనమును కూడ జతచేసెను. నేడు ప్రతి ఇంటి గోడపైనను కనబడు థెర్మోస్టాట్‌కు పూర్వజులలో ఆ సాధనమొకటి. లేత ప్రాణికి మందమైన, ఎడతెగని, పొగలేని వెచ్చదనము కావలెనని తోటవాడును, కోళ్ళవాడును మొదట గ్రహించిరి. గృహస్థుడు తరువాత గ్రహించెను. 1831లో ఆంగ్యర్ మార్చ్ పర్కిన్స్ లండనులో సన్నని దళసరి ఇనుప గొట్టములలో నీటిని బిగించి అధికమైన ఒత్తిడితో కాచు పద్ధతికి పేటెంటు పొందెను. అతనివద్ద పని నేర్చిన జోసెఫ్ నేసన్ అమెరికాకు మరలివచ్చి, 1840ల ఆరంభమున తన బావమరిదియగు జేమ్స్ వాల్వర్త్‌తో కలిసి గొట్టముల వ్యాపారమును స్థాపించెను. 1850లలో సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరమున ఫ్రాంజ్ సాన్ గల్లీ పోతపోసిన ఇనుప రేడియేటరును రూపొందించెను. మేధ ఐరోపాది, దానిని సామాన్యుని ఇంటికి చేర్చిన బలము అమెరికా పోతశాలలది.

ఆ పోతశాలలలో అగ్రగణ్యమైనవి కొన్ని డెట్రాయిట్ నగరమున వెలసినవి. కార్లకు పేరుగాంచిన ఆ నగరము అంతకుముందు పొయ్యిలకు పేరుగాంచినదని నేటి యువకులలో ఎందరికి తెలియునో! మిషిగన్ ఉత్తరభాగపు ఇనుప రాయి, 1855లో తెరచిన సూ కాలువ ద్వారముల గుండ, పెద్ద సరస్సుల మీదుగా ఓడలలో దిగివచ్చుచుండగా, ఆ ఇనుమును కరిగించి పోయగల పనివారు నదీతీరమున స్థిరపడిరి. జెరమయా డ్వయర్ మొదలగువారి చేతిమీదుగా డెట్రాయిట్ స్టవ్ వర్క్స్, మిషిగన్ స్టవ్ కంపెనీ, పెనిన్సులర్ స్టవ్ కంపెనీలు వర్ధిల్లినవి. 1893 నాటి షికాగో విశ్వప్రదర్శనకు మిషిగన్ స్టవ్ కంపెనీ 25 అడుగుల ఎత్తున, 15 టన్నుల బరువున, ఓక్ కొయ్యతో చెక్కించి పంపిన గార్లండ్ పొయ్యి నమూనా ఆ వ్యాపారపు అతిశయమునకు గురుతు; అది తరువాత చిరకాలము డెట్రాయిటులోనే నిలిచి, చివరకు రాష్ట్రప్రదర్శన మైదానమున ఉండగా 2011లో పిడుగుపడి దగ్ధమయ్యెను. పొయ్యి పోయగలవానికి రేడియేటరు పోయుట కష్టము కాదు. పలుచని గోడలుగల బోలు ఖండములను పోసి, వాటిని ఒకదాని ప్రక్క నొకటి బిగించి, నీరు కారని విధముగ జోడించుటలో మాత్రమే నేర్పు ఉండెను. డెట్రాయిట్ రేడియేటర్ కంపెనీ, మిషిగన్ రేడియేటర్ అండ్ ఐరన్ కంపెనీ ఆ నేర్పును సంపాదించినవి. 1892లో ఆ రెండును బఫెలో నగరపు పియర్స్ స్టీమ్ హీటింగ్ కంపెనీతో ఏకమై అమెరికన్ రేడియేటర్ కంపెనీగా అవతరించినవి. ఆ సంస్థకు 1902లో అధ్యక్షుడైన క్లారెన్స్ వూలీ, మిషిగన్ రేడియేటర్ సంస్థనుండి వచ్చినవాడే. అతని కాలమున ఆ రేడియేటర్లు ఫ్రాన్సు, జర్మనీ, ఇంగ్లండులలో కూడ పోయబడినవి. 1929లో ఆ కంపెనీ స్టాండర్డ్ శానిటరీతో కలిసి, తరువాత అమెరికన్ స్టాండర్డ్ అను పేరుతో ప్రసిద్ధమయ్యెను. నేడు స్నానశాలలలో మనము చూచు ఆ పేరు వెనుక డెట్రాయిట్ పోతపనివారి చెమట కలదు.

అయితే ఆ తొలి రేడియేటర్లలో కొన్నింటికి నీటి ఆవిరి, కొన్నింటికి నీరు ఆధారము. రెండింటి నడుమ జరిగిన పోటీని అర్థము చేసికొనుటకు వాటి పనితీరు కొంత తెలియవలెను. ఆవిరి వేగముగ పరుగెత్తును, దూరము పోవును, కనుక ఎత్తైన కట్టడములకు, కార్యాలయములకు అది తగినది. డెట్రాయిట్ నడిబొడ్డున 1903 నుండి నేటివరకు వీధుల క్రింద ఆవిరి పారుచునే యున్నది. కాని ఆవిరి అనునది ఉన్నచో మండుచు, లేనిచో చల్లారుచు ఉండు స్వభావము గలది. గొట్టములలో నిలిచిన నీటిని ఢీకొని సుత్తితో కొట్టినట్లు మ్రోగును. అన్నింటికంటె మించి, దాని బాయిలరు ప్రేలిన యెడల ప్రాణములు తీయును. 1895 నవంబరు 6న డెట్రాయిటులోని జర్నల్ పత్రికాభవనమున బాయిలరు ప్రేలి 37 మంది మరణించిరి. అట్టి దుర్ఘటనలు దేశమంతట పదేపదే జరుగుటచే అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘము 1915లో బాయిలర్ల నిర్మాణమునకు నియమావళి ప్రకటించినది. ప్రేలుడు వార్త చదివిన గృహస్థుడు, తన బిడ్డలు నిద్రించు గదికి క్రిందుగా ఆవిరి బాయిలరు పెట్టుకొనుటకు జంకుట సహజము.

వేడినీటి పద్ధతియందు ఆ భయము తక్కువ. దాని శాస్త్రము ఇంత సరళమా అని విస్మయము కలిగించును. వెయ్యి లీటర్ల నీరు 60 డిగ్రీల వేడిమిలో సుమారు 983 కిలోలు తూగును. అదే 80 డిగ్రీలలో సుమారు 972 కిలోలు. ఈ 11 కిలోల వ్యత్యాసమే ఆ యంత్రమంతటికి ప్రాణము. నేలమాళిగలోని బాయిలరులో వేడెక్కి తేలికయైన నీరు పైకి లేచును. గదులలోని రేడియేటర్లలో తన వేడిమిని విడిచి బరువెక్కిన నీరు క్రిందికి దిగి, మరల బాయిలరును చేరి దానిని పైకి నెట్టును. పంపు లేదు, మోటారు లేదు, విద్యుత్తు లేదు, భూమ్యాకర్షణయే సారథి. అంత మందమైన ప్రవాహమునకు అడ్డు కలుగరాదు కనుక, నేలమాళిగ కప్పు క్రింద మూడు నాలుగు అంగుళముల వ్యాసము గల లావైన గొట్టములు, కంటికి తెలియని మెల్లని వాలుతో, చెట్టుకొమ్మలవలె ప్రాకియుండును. ఆ వాలులో అంగుళము తప్పినను ఏదో ఒక మూలగది చలికాలమంతయు చల్లగనే యుండెడిది. కాగిన నీరు పెరుగుటకు చోటు కావలెను. అందులకు ఇంటి అటకమీద మూతలేని ఒక తొట్టి పెట్టి, పొర్లిన నీరు బయటికి పోవు మార్గము కల్పించిరి. ఆ తొట్టి ఆకాశమునకు తెరచియున్నంతవరకు బాయిలరులో ఒత్తిడి హద్దు మీరజాలదు. ఇంతటి సురక్షితమైన యంత్రమును, కదలు భాగమొక్కటియు లేకుండ నిర్మించిన పనివారి బుద్ధికి నేను నమస్కరించుచున్నాను.

డెట్రాయిటులోని బోస్టన్-ఎడిసన్, ఇండియన్ విలేజ్ మొదలగు వాడలలో నేటికిని అట్టి రేడియేటర్లు కిటికీల క్రింద నిలిచియున్నవి. వాటిని కిటికీ క్రిందనే ఏల పెట్టిరనగా, అద్దమును తాకి చల్లబడి జారు గాలిని అచ్చటనే అడ్డగించి పైకి త్రిప్పుటకు. లతలు, పుష్పములు పోతలోనే చెక్కిన రేడియేటర్లు కొన్ని. భోజనశాలకు ప్రత్యేకముగ, నడుమ అలమర వంటి అర గలవి కొన్ని, ఆ అరలో పళ్ళెములు, రొట్టెలు వెచ్చగ నుండెడివి. మంచులో ఆడి వచ్చిన పిల్లల తడిసిన చేతితొడుగులు ఆరుటకు దానికి మించిన తావు లేదు. చలికాలారంభమున ప్రతి రేడియేటరు చివరను చిన్న తాళపుచెవితో మర తిప్పి, లోన చిక్కిన గాలిని బుసతో వెడలించి, నీటిబొట్టు కనబడినంతనే మూయుట గృహస్థుని నియమములలో ఒకటి. బొగ్గు కాలమున తెల్లవారుజామున లేచి బూడిద దులిపి, క్రొత్త బొగ్గు వేసి, గాలితలుపు సర్దుట మరియొక నియమము. అయినను ఒక సౌలభ్యము కలదు: నిప్పు చల్లారినను, ఆ ఇనుమును ఆ నీటిని నమ్ముకొని ఇల్లు గంటలకొలది వెచ్చగ నుండెడిది. పరిమాణమును బట్టి చూచినచో నీరు గాలికంటె మూడువేల రెట్లకు పైగా వేడిమిని మోయగలదు. ఈ ఒక్క సంగతి చాలు, ఆ పద్ధతి ఏల శాంతముగ, చప్పుడు లేక, దుమ్ము లేపక పనిచేసెనో తెలియుటకు.

ఈ విద్యకు శాస్త్రపీఠము కూడ నోవైకి దగ్గరలోనే అమరినది. ఆన్ ఆర్బర్‌లోని మిషిగన్ విశ్వవిద్యాలయమున జాన్ ఆర్. అలెన్ అను ఆచార్యుడు ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో గృహతాపనమును విద్యార్థులకు బోధించి, దానిని గూర్చి గ్రంథము వ్రాసి, రేడియేటర్లకు పూయు రంగులు వేడిమిని ఎంతవరకు అడ్డగించునో పరీక్షించెను. వెండి, బంగరు వన్నెల లోహపు పూతలు చూచుటకు ఇంపైనను, అవి వేడిమి ప్రసరించుటను తగ్గించునని ఆ పరీక్షలు తేల్చినవి. 1919లో అమెరికా తాపన ఇంజనీర్ల సంఘము పరిశోధనశాలను స్థాపించినపుడు దాని తొలి అధిపతి ఆయనయే. పోతపనివాని చేతిలో పుట్టి, గొట్టముల పనివాని అనుభవములో పెరిగిన విద్య ఆ విధముగ లెక్కలకు లోబడెను.

ఇదంతయు జరుగుచున్నపుడు నోవై ఏమి చేయుచుండెను? పొలము దున్నుచుండెను. 1832లో టౌన్‌షిప్పుగా ఏర్పడిన ఆ ప్రదేశమున గ్రాండ్ రివర్ మార్గము వెంబడి బండ్లు నడచుచుండెను; 1871లో రైలు వచ్చెను; తరువాత శతాబ్దమునకు సమీపించు కాలము అది పాలు, ధాన్యము, ఆపిలుపండ్లు లభించు పల్లెగనే యుండెను. అట్టి కర్షకుల ఇండ్లలో వంటగది పొయ్యి, నడిగది పొయ్యి తప్ప రేడియేటర్లు అరుదు. కట్టెలు తోటలోనే దొరకుచుండగా బొగ్గుతో నడచు బాయిలరును, వందల అడుగుల గొట్టములను కొనవలసిన పని వారికి లేదు. అందుచేత డెట్రాయిట్ నీటితో ఇండ్లు కాచుకొనిన యుగమును నోవై పొయ్యి ముందు గడపెను. పొయ్యిని విడిచిపెట్టిన దినమున, నీటిని ఎరుగకయే గాలికి మారెను.

ఆ గాలికొలిమి చరిత్రలో కూడ మిషిగన్‌కు పెద్ద పాలు కలదు, అది అంత గౌరవప్రదమైన పాలు కాదు. 1906లో ఇదే రాష్ట్రపు పశ్చిమతీరమున హాలండ్ పట్టణమందు స్థాపింపబడిన హాలండ్ ఫర్నేస్ కంపెనీ, నేలమాళిగలోని కొలిమి నుండి లావైన గొట్టముల గుండ వేడిగాలిని పైగదులకు పంపు యంత్రములను దేశమంతట ఇంటింట తిరిగి అమ్మించెను. ఆ కంపెనీ విక్రేతలు, తనిఖీ చేయుదుమని ఇంటిలో ప్రవేశించి, ఉన్న కొలిమిని ఊడదీసి, ప్రమాదకరమని చెప్పి మరల బిగింపక, క్రొత్తది కొనిపించుచున్నారని ఫెడరల్ వాణిజ్య సంఘము విచారించి, 1958లో నిషేధాజ్ఞ ఇచ్చెను. ఆ ఆజ్ఞను ఉల్లంఘించిన కారణమున కంపెనీ పూర్వాధ్యక్షుడు చెఫ్‌కు విధించిన ఆరు నెలల శిక్షను 1966లో అమెరికా సుప్రీంకోర్టు ఖాయపరచెను. ఒక యంత్రము మంచిదగుటయు, దానిని అమ్మినవారు మంచివారగుటయు వేర్వేరు సంగతులు. గాలికొలిమి తనంతట తాను చెడ్డదని నేననుట లేదు. కాని అది ఇంటింట వ్యాపించుటలో విక్రేతల వాగ్ధాటికి గల భాగమును చరిత్రకారులు మరువరాదు.

నీటి పద్ధతి ఆ కాలమున ఊరకుండలేదు. 1930 పరిసరములలో షికాగోలోని బెల్ అండ్ గాసెట్ కంపెనీ నీటిని బలవంతముగ త్రిప్పు చిన్న పంపును ఇండ్లకు అందించినది. దానితో లావు గొట్టములు సన్నగిల్లినవి, వాలు లెక్కలు అవసరము లేకపోయినవి, మూలగదికి కూడ వేడిమి క్షణములలో చేరెను. టెక్సాస్ ప్రాంతపు సహజవాయువు 1936లో గొట్టముల ద్వారా డెట్రాయిట్ చేరుటతో బూడిద దులుపు శ్రమ కూడ క్రమముగ తొలగెను. వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్, టోక్యోలో ఒకుర అను ప్రభువు ఇంట కొరియా పద్ధతిలో నేల క్రింద కాచిన గదిని చూచి ముగ్ధుడై, 1930ల నుండి తన గృహములకు రేడియేటర్లు తీసివేసి, కాంక్రీటు నేలలోనే గొట్టములు పరపించెను. నోవై ఉన్న ఓక్లండ్ కౌంటీలోనే, బ్లూమ్‌ఫీల్డ్ హిల్స్‌లో, ఒక బడిపంతులు దంపతుల కొరకు ఆయన నిర్మించిన స్మిత్ గృహమున నేల అట్లే వెచ్చబడును. సామాన్యమైన జీతముతో బ్రతుకు ఉపాధ్యాయుడు అట్టి ఇల్లు కట్టుకొనగలుగుట ఆ కాలపు గొప్పదనము. 2017 నుండి అది క్రాన్‌బ్రుక్ విద్యాసంస్థ పాలనలో ఉన్నది, దర్శించుటకు వీలున్నది. న్యూయార్కు సమీపమున లెవిట్‌టౌన్‌లో 1947 నుండి కట్టిన వేలాది చౌక ఇండ్లకు కూడ కాంక్రీటు నేలలో రాగి గొట్టములే వేసిరి. కొన్ని దశాబ్దములకు ఆ రాగి తినివేయబడి చాల ఇండ్లలో నేల క్రింద నీరు కారసాగెను, నేలను పగులగొట్టక బాగుచేయుట సాధ్యము కాలేదు. పరిశీలించినచో దోషము పద్ధతిది కాదు, కాంక్రీటులో చిక్కిన లోహముది. కాని చెడ్డపేరు పద్ధతికే వచ్చెను.

దానికంటె బలమైన దెబ్బ వేసవి వైపు నుండి తగిలినది. యుద్ధానంతరము అమెరికా గృహస్థుడు ఎండకాలమున కూడ ఇల్లు చల్లగ నుండవలెనని కోరెను. గాలికొలిమికి రేకుగొట్టములు ముందే ఉన్నవి. వాటిలోనే చల్లనిగాలి పంపవచ్చును, ఖర్చు కొంచెము. రేడియేటర్ల ఇంటిలో చల్లదనమునకై గొట్టముల వ్యవస్థను వేరుగ, మొదటినుండి, నిర్మింపవలెను. ఇండ్లను వందలకొలది ఒకేసారి కట్టి అమ్మువాడు రెండు వ్యవస్థలకు ధనము వెచ్చింపడు. నోవై సరిగా ఆ ఘడియలోనే పెరుగనారంభించెను. పెద్ద రహదారులు పొలముల గుండ పడినవి. 1969లో అది నగరమయ్యెను. 1977లో ట్వెల్వ్ ఓక్స్ అంగడిసముదాయము తెరువబడెను. పొలములు సబ్‌డివిజన్లుగా చీలినవి. ఆ ఇండ్లలో అత్యధికము సహజవాయువుతో మండు ఫర్నేసు, దాని నెత్తిన చల్లబరచు గొట్టపుచుట్ట, గదిగదికి నేలలోనో కప్పులోనో ఒక వెంటు, ఇదే విధానము. రేడియేటర్ల నగరమునకు అరగంట దూరమున రేడియేటరు ఎరుగని ఊరు పుట్టెను.

1965 వలసచట్టము పిమ్మట డెట్రాయిట్ కార్ల కంపెనీలకు, ఆసుపత్రులకు వచ్చిన తెలుగువారు, తరువాత కంప్యూటరు విద్యతో వచ్చినవారు, ఈ వెంట్ల ఇండ్లలోనే స్థిరపడిరి. 2020 జనగణన నాటికి నోవై జనసంఖ్య 66,243. వారిలో సుమారు నాలుగవ వంతు ఆసియా సంతతివారు. టాఫ్ట్ రోడ్డు మీద శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయము వెలసినది. 2025 జూలైలో ఉత్తర అమెరికా తెలుగు సంఘమైన తానా మహాసభలు ఈ ఊరనే జరిగినవి. ఇట్టి ఇంటిలో తెలుగు గృహిణి పోపు వేసినచో ఆ ఘాటు, వంటగది దాటి, ఫర్నేసు పీల్చుకొను గాలితో కలిసి, రేకుగొట్టముల వెంట మేడమీది పడకగదులకు, ఉన్ని కోట్లు వేలాడు అలమరలకు చేరును. చలికాలమున పెదవులు పగులును, మడమలు బీటలువారును, కొబ్బరినూనె సీసా నిత్యము చేతిలో నుండవలెను. మంచుగాలిలో తేమ స్వభావముచేతనే తక్కువ, దానిని కాచినచో ఇంకను పొడిబారును. ఈ సంగతి ఏ పద్ధతికైనను సమానమే. అయినను, పంకా బలముతో గాలిని ఊదు పద్ధతిలో గొట్టముల అతుకుల వద్ద లీకైన గాలికి బదులు బయటి పొడిగాలి లోనికి చొరబడును. నీటి పద్ధతిలో పోపు వంటగదిలోనే ఉండును. ఇంటిగాలి ఉన్నచోటనే ఉండును. మన వంటకు, మన మేనికి నీటి వెచ్చదనమే ఎక్కువ పొసగునని నాకు తోచుచున్నది.

గాలి గాని నీరు గాని, నిప్పునకు వాయువు కావలెను. 2019 జనవరి 30న, చలి సెల్సియస్ మానమున సున్నకు 20 డిగ్రీలకు పైగా దిగువకు పోయిన దినమున, మకోంబ్ కౌంటీలోని కన్స్యూమర్స్ ఎనర్జీ సంస్థ వాయుకేంద్రమున అగ్నిప్రమాదము జరిగెను. ఆ రాత్రి సెల్‌ఫోన్లన్నియు ఒకేసారి మ్రోగి, థెర్మోస్టాట్‌ను 65 ఫారన్‌హీట్ డిగ్రీలకు, అనగా సుమారు 18 సెల్సియస్‌కు, తగ్గించుకొనవలసినదని ప్రజలను కోరినవి. కార్ల కర్మాగారములు పని నిలిపినవి. ప్రజలు తగ్గించుకొనిరి, వాయువు చాలెను. అట్టి రాత్రులలో ఇంటి వస్తుభారము విలువ తెలియును. పోతయినుము, నీరు, కాంక్రీటు నిండిన ఇల్లు మెల్లగ చల్లారును. గాలితో నిండిన తేలికయైన కొయ్య ఇల్లు త్వరగ చల్లారును. నీటికి గల అపాయమును దాచరాదు: నిప్పు పూర్తిగ ఆరినచో గొట్టములలో నీరు గడ్డకట్టి, సుమారు నూటికి తొమ్మిది పాళ్ళు ఉబ్బి, ఇనుమును సైతము చీల్చును. అందుకే బయలుప్రదేశముల గొట్టములలో గడ్డకట్టని గ్లైకాల్ ద్రవమును కలుపుదురు.

అయినను వేడినీటి విద్య తిరిగి తల ఎత్తుచున్నది. 1968లో జర్మనీకి చెందిన తోమాస్ ఎంగెల్ పాలిథిలీన్ అణువులను ఒకదానితో నొకటి ముడివేసి గట్టిపరచు విధానము కనుగొనెను. ఆ పెక్స్ గొట్టము తుప్పుపట్టదు, వంగును, అతుకులు లేకుండ నేలలో వందల అడుగులు పరువవచ్చును. లెవిట్‌టౌన్ రాగి తెచ్చిన అపకీర్తిని అది తుడిచివేసెను. పొగలో పోవు ఆవిరిని కూడ నీరుగా మార్చి దాని వేడిమిని గ్రహించు బాయిలర్లు వచ్చినవి. గాలికొలిమిని అమ్మిన హాలండ్ పట్టణమే, 1988 నుండి, విద్యుత్కేంద్రమున వృథాయగు వేడినీటిని తన అంగడివీధుల క్రింది గొట్టములలో నడపి మంచును కరిగించుచున్నది. ఆ వీధులలో చలికాలమంతయు వృద్ధులు జారిపడు భయము లేక నడచుచున్నారు. నోవైలో నేలమాళిగను బాగుచేయించుకొని సంక్రాంతికి బొమ్మలకొలువు అచ్చటనే పేర్చుకొను కుటుంబములు ఆ చల్లని నేలపై తివాచీ పరచుకొని కూర్చుండుట చూచినపుడు, పలకలు వేయుటకు ముందు నేలపై పెక్స్ గొట్టము పరపించుటకు ఇది తగిన సమయము కదా అని అనిపించును.

అట్టి నేలకు 35 నుండి 45 డిగ్రీల నీరు చాలును. పాత రేడియేటర్లకు కావలసిన 80 డిగ్రీలు అక్కరలేదు. బయటిగాలిలోని ఉష్ణమును గ్రహించి నీటికి ఇచ్చు హీట్ పంపులకు ఆ తక్కువ వేడిమియే అనుకూలము. వేసవి ప్రశ్న మాత్రము మిగిలియున్నది. అదే నేలలో చల్లని నీరు పంపవచ్చును గాని, మిషిగన్ జూలై మాసపు తేమకు పలకలపై చెమట పట్టును. అందులకు నేటి నిర్మాతలు నేలను చలికాలమునకు విడిచిపెట్టి, వేసవిలో అదే యంత్రము నుండి చన్నీటిని గదిగదికి, పంకాయు గొట్టపుచుట్టయు గల చిన్న పెట్టెలకు పంపుచున్నారు. ఆ పెట్టె గాలిలోని తేమను కార్చి, ఒక సన్నని గొట్టము ద్వారా బయటికి వదలును. అర్ధశతాబ్దము క్రింద సబ్‌డివిజను కట్టినవాడు రెండు వ్యవస్థలకు ధనము పెట్టలేక విడిచిన పనిని, నేడు ఒకే నీటి వలయము రెండు ఋతువులలోను చేయగలుగుచున్నది.